సాలమోను మాస్టారి బొత్తాల తాళం

ఆ ఆదివారం ఉదయం సాలమోను మాస్టారి కార్యక్రమం చాలా చిన్నది. కాఫీ తాగడం, ఇంటికి తాళం వేయడం, భార్య దానమ్మగారితో కలిసి చర్చికి వెళ్ళడం, తిరిగొచ్చి తాళం తీయడం. కాఫీకీ చర్చికీ ఎప్పుడూ ఆటంకం రాలేదు. మిగతా రెండింటికీ తాళంచెవి కావాలి. ఆ తాళంచెవి దానమ్మగారి దగ్గర ఉండేది. అంటే ఎక్కడైనా ఉండవచ్చు.

దానమ్మగారు వస్తువులు పారేసే మనిషి కాదు, జాగ్రత్త చేసే మనిషి. చిక్కంతా అక్కడే వచ్చింది. ఓసారి గిన్నెలు తోముతూ కాలవ గట్టున జాగ్రత్త చేసింది. ఓసారి బియ్యం డబ్బాలో, ఓసారి పక్కింటి పసిపిల్ల ఉయ్యాల్లో జాగ్రత్త చేసింది. ఆ ఆదివారం మాత్రం, చర్చిలో కానుకల సంచి తన ముందుకొచ్చినప్పుడు, గుప్పిట్లో ఉన్న చిల్లరతోపాటు తాళంచెవిని కూడా దేవుడికి ఇచ్చేసింది. ఇంటికొచ్చి గుమ్మం ముందు నిలబడ్డాక గాని ఆ సంగతి తెలియలేదు. వెళ్ళి అడుగుదామంటే మాస్టారు ఒప్పుకోలేదు. కానుక వేసి వెనక్కి అడగడం తమ వంశంలో లేదన్నారు.

వడ్రంగి వెంకటరమణ వచ్చి గొళ్ళెం ఊడదీశాడు. ఆ గొళ్ళెం బిగించింది అతనే, ఇంతకుముందు ఊడదీసిందీ అతనే కాబట్టి పని త్వరగానే అయిపోయింది.

ఆ పూట భోజనాల దగ్గర మాస్టారు తాళంచెవి ఉన్న తాళం ఇక తన ఇంటి గడప తొక్కదని ప్రకటించారు. దానమ్మగారి తమ్ముడు సీమోను కువైట్ నుంచి సెలవు మీద వచ్చి అక్కడే భోంచేస్తున్నాడు. మళ్ళీ వచ్చేటప్పుడు ఏం తెమ్మంటారో చెప్పమని వారం రోజులుగా వాళ్ళిద్దరి వెంటా పడుతున్నాడు. దానమ్మగారు మిక్సీ అడుగుదామని నోరు తెరిచింది. ఆవిడ నోట్లోంచి మాట వచ్చేలోగా తాళం ఖాయమైపోయింది.

తాళంచెవి లేని తాళాల్లో రెండు రకాలున్నాయని సీమోను చెప్పాడు. ఒకటి కరెంటుది. నంబరు నొక్కితే దానంతటదే తెరుచుకుంటుంది. మాస్టారు అది వద్దన్నారు. అమలాపురం చుట్టుపక్కల కరెంటు ఉన్నప్పుడే ఇల్లు చేరాలంటే ఎండాకాలమంతా అరుగు మీదే కాపురం చేయాలన్నారు. రెండోది కరెంటు అక్కర్లేని బొత్తాల తాళం. ఇత్తడి పలక మీద పది బొత్తాలుంటాయి. మనం పెట్టుకున్న నాలుగు అంకెలు నొక్కి పిడి తిప్పితే గడియ వెనక్కి వెళ్తుంది. తలుపు లాగితే చాలు, గడియ దానంతటదే పడిపోతుంది. మాస్టారు హైస్కూల్లో లెక్కలు చెప్తారు. నాలుగు అంకెలంటే పదివేల రకాలని, దొంగ ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోతే తన రిటైర్మెంటు వస్తుందని అక్కడికక్కడే లెక్క కట్టేశారు.

మరుసటి ఏడు, అంటే ఎనభై మూడులో, వేసవి సెలవులకి తాళం వచ్చింది. మాస్టారి ఒక్కగానొక్క కూతురు లీలావతి అప్పటికి రాజమండ్రిలో టీచరు ట్రైనింగు చదువుతోంది. తాళంతో వచ్చిన ఇంగ్లీషు కాగితం ఆమే చదివిపెట్టింది. అంకెలు ఏ వరసలో నొక్కినా ఫరవాలేదని అందులో రాసి ఉంది. అలాగైతే పదివేల రకాలు కాదు నాన్నగారూ, రెండువందల పదే అని ఆమె అంది. మాస్టారు ఒక్క క్షణం ఆలోచించి, దొంగకి లెక్కలు రావని తేల్చేశారు. పొరపాటున వేరే బొత్తాలు నొక్కితే పిడిని ఎడమవైపు తిప్పాలని, అలా తిప్పితే నొక్కినవన్నీ చెరిగిపోతాయని, లేకపోతే సరైన నంబరు నొక్కినా తెరుచుకోదని కూడా ఆమె చదివింది. నంబరు తెలిసిన మనిషి పొరపాటున ఎందుకు నొక్కుతాడని మాస్టారు ఆ వాక్యం వినలేదు.

"ఇంతకీ నంబరు ఏం పెడతారు నాన్నగారూ?" అని లీలావతి అడిగింది.

"అది పెద్దవాళ్ళ సంగతమ్మా. నువ్వు హాస్టల్లో ఉండేదానివి, నలుగురిలో ఎక్కడైనా నోరు జారితే?" అన్నారు మాస్టారు.

లీలావతి ఆ మాట మనసులో పెట్టుకుంది.

బిగించడం మామూలు పని కాలేదు. మాస్టారింటి వీధి తలుపు పాతకాలపు పనస చెక్క జంట తలుపు. తాళం మాత్రం ఒంటి తలుపు దేశంలో పుట్టింది. వెంకటరమణ ఒక రెక్కని కిందా పైనా శాశ్వతంగా బిగించేసి, రెండో రెక్కకి తాళం వేశాడు. అప్పటినుంచి ఆ ఇంట్లోకి అందరూ కొంచెం పక్కకి తిరిగి వెళ్ళవలసి వచ్చింది. పక్కింటి భాస్కరరావుగారు, కొబ్బరి తోటలున్న మోతుబరి, కొంచెం ఒళ్ళున్న మనిషి, ఊపిరి బిగబట్టి వెళ్ళేవారు.

నంబరు దానమ్మగారు మరిచిపోనిదై ఉండాలని మాస్టారు తమ పెళ్ళి జరిగిన సంవత్సరం పెట్టారు. ఏ సంవత్సరమో మాత్రం దానమ్మగారినే అడిగి తెలుసుకున్నారు. వెయ్యిన్ని తొమ్మిదివందల యాభై ఏడు. బిగించాక పనిచేస్తోందో లేదో చూడాలి గనక వెంకటరమణకి చెప్పక తప్పలేదు.

"నీకొక్కడికే చెప్తున్నాను రమణా. రెండో చెవికి తెలియకూడదు."

"నా నోటమ్మట రాదండి మాస్టారూ" అన్నాడు వెంకటరమణ. అతను మాట మీద నిలబడే మనిషి. ఆ వీధిలో అందరూ అలాంటి మనుషులే. జరిగినదంతా అందువల్లనే జరిగింది.

మొదట వచ్చింది మాస్టారి అక్క అమ్మాజీగారు. ఆవిడ ఇల్లు మూడో ఇల్లు. ఎన్నో ఏళ్ళుగా పొద్దున్నే తమ్ముడి ఇంటికొచ్చి, పీట వాల్చుకుని, కాఫీ తాగి, మరదలి వంటలో రెండు తప్పులు చెప్పి వెళ్ళడం ఆవిడ దినచర్య. ఓ ఉదయం వచ్చేసరికి తలుపు మూసి ఉంది. ఇంట్లో ఎవరూ లేరు. పాత రోజుల్లో అయితే ద్వారబంధం మీద తడిమితే ఒక్కోసారి తాళంచెవి దొరికేది. ఈసారి తడిమితే బల్లి దొరికింది. ఆవిడ ఇంటికెళ్ళిపోయి, మూడు రోజులు రాలేదు, ప్రార్థన కూటానికీ రాలేదు. నాలుగోనాడు మాస్టారే వెళ్ళారు.

"నా తమ్ముడింటికెళ్ళడానికి నాకు నంబరు కావాలేరా?" అంది ఆవిడ, మొహం పక్కకి తిప్పుకుని.

మాస్టారికి గుండె కరిగింది. ఇటూ అటూ చూసి, అక్క చెవిలో నాలుగు అంకెలూ చెప్పేశారు. "నీకొక్కదానికే అక్కా. దానమ్మకి కూడా తెలియకూడదు, నీకు చెప్పేనని."

ఆ తరవాత పాలు పోసే మాణిక్యం. మాస్టారు, దానమ్మగారు వేకువ ప్రార్థనకి వెళ్ళిన రోజుల్లో ఆమె పాలచెంబు అరుగు మీద పెట్టి వెళ్ళేది. దాన్ని పిల్లి ఖాళీ చేసేది. తెరిచిన చెంబు పిల్లికి దక్కడం ఎన్నాళ్ళు చూస్తారని దానమ్మగారు మాణిక్యానికి నంబరు చెప్పేసింది. నీకొక్కదానికే, మాస్టారికి తెలియనివ్వకు అని ఒట్టు కూడా వేయించుకుంది. ఓ వర్షాకాలం సాయంత్రం చర్చి అయ్యగారు గృహదర్శనానికి వచ్చి, చూరునీళ్ళు నెత్తిన పడుతుంటే అరుగు మీద ముడుచుకుని కూర్చున్నారు. దైవసేవకుణ్ణి తడిపినందుకు మాస్టారికి రెండు రోజులు అన్నం సహించలేదు. మూడోనాడు అయ్యగారికి చెప్పేశారు. సీమోను కువైట్ నుంచి ఫోను చేస్తే భాస్కరరావుగారింటికే చేయాలి. ఇంట్లో ఏదైనా అయితే పక్కింటివారు లోపలికి రాలేకపోతే ఎలాగని దానమ్మగారు ఆయనకీ చెప్పింది.

ఇలా ఆ వీధిలో నంబరు తెలియని మనిషిని వెతుక్కోవలసి వచ్చింది. అయినా ఎవరికి తెలుసో ఎవరికీ తెలియదు. అమ్మాజీగారు లోపల కాఫీ కలుపుకుంటుంటే మాణిక్యం పాలు పట్టుకుని లోపలికొచ్చేది. తలుపు తీసే ఉందండీ అని ఆమె అనేది, మరే, నేనొచ్చేసరికీ తీసే ఉందే అని ఆవిడ అనేది. ఓసారి అయ్యగారి గొడుగు మాస్టారింటి మంచం మీద దొరికింది. మాస్టారు మాత్రం ఆ తాళం వచ్చాక ఇంట్లోకి చీమ కూడా దూరడం లేదని స్కూల్లో చెప్పుకునేవారు. చీమల సంగతి నిజమే కావచ్చు.

ఎనభై నాలుగులో లీలావతికి కాకినాడ సంబంధం వచ్చింది. పెళ్ళికొడుకు జయపాల్ అక్కడే స్కూల్లో టీచరు. తల్లి మార్తమ్మగారు పెద్ద ఆస్పత్రిలో నర్సులందరి మీదా అజమాయిషీ చేసి రిటైరైన మనిషి. పెళ్ళిచూపులనాడు మాస్టారు పిల్లనిచ్చే తండ్రి మాట్లాడవలసిన మాటలన్నీ మరిచిపోయి, బొత్తాల తాళం గురించి గంటసేపు చెప్పారు. జయపాల్ ఆవులించకుండా విన్నాడు. మధ్యలో రెండు ప్రశ్నలు కూడా అడిగాడు. తలుపు వెనకనుంచి చూస్తున్న లీలావతికి ఆ అబ్బాయి అక్కడే నచ్చాడు. తన తండ్రిని అంతసేపు భరించినవాడు తనని జీవితమంతా భరించగలడని ఆమెకి నమ్మకం కుదిరింది.

"అమ్మా, ఈ సంబంధం తప్పిపోతే నాకింకోటి చూడకండి" అని ఆ రాత్రి తల్లితో చెప్పేసింది.

దానమ్మగారికి అప్పటినుంచి ఒకటే భయం పట్టుకుంది. మార్తమ్మగారికి కట్నకానుకల మీద పట్టింపు లేదు. మర్యాద మీద ఉంది. అంతకుముందు రాజోలు సంబంధం ఒకటి ఆవిడ ఇట్టే వదిలేసిందట. కారు దిగాక తమని ఎండలో వాకిట్లో నిలబెట్టి, లోపల చాపలు పరుచుకుంటూ కూర్చున్నారట. మంచినీళ్ళైనా ముట్టకుండా అదే కారులో తిరిగి వెళ్ళిపోయిందని మధ్యవర్తి పనిగట్టుకుని చెప్పాడు. ఏమండీ, ఆవిణ్ణి ఒక్క నిమిషం కూడా బయట నిలబెట్టకూడదండి అని దానమ్మగారు నిశ్చితార్థం రోజు దాకా భర్త చెవిలో పోరుతూనే ఉంది.

ప్రధానం, అంటే నిశ్చితార్థం, శనివారం పెట్టుకున్నారు. కాకినాడవాళ్ళు కోటిపల్లి దగ్గర గోదావరి దాటి ముక్తేశ్వరం రేవులో దిగుతారు. ఎదురెళ్ళడంలో లోటు జరగకూడదని మాస్టారు, దానమ్మగారు అంబాసిడరు కారు మాట్లాడుకుని ఇద్దరూ రేవుకి బయల్దేరారు. ఇల్లు అమ్మాజీగారికి అప్పగించారు. పెరట్లో పొయ్యిలు పెట్టి వండినవన్నీ ఆవిడ నడిమింట్లోకి చేర్పించింది. కాకులూ కుక్కలూ రాకుండా పెరటి తలుపుకి లోపలినుంచి అడ్డగడియ వేయించింది. చాపలు, ఆకులు, కూజాలు, లీలావతికి పెట్టవలసిన ఉంగరం, చీర, పూలు అన్నీ లోపలే సిద్ధంగా ఉన్నాయి. ఈసారి చాపలు ముందే పరిచేశారు.

పదకొండు దాటాక వీధి చివర కారు హారను వినిపించింది. వచ్చేసేరని ఎవరో అన్నారు. ఎదురెళ్ళి తీసుకురావాలి గదా అని ఇంట్లోవాళ్ళంతా దండలు పట్టుకుని ఒక్కసారి బయటికి వచ్చారు. పక్కకి తిరిగి ఒక్కొక్కరే రావలసిన గుమ్మం గనక కొంత తొక్కిసలాట అయింది. లీలావతి కూడా అరుగు చివర స్తంభం వెనక్కి చేరింది. చివరికి భాస్కరరావుగారు ఊపిరి బిగబట్టి బయటపడ్డారు. కాలవ మీదనుంచి గాలి వీచింది. తలుపు మూసుకుంది. లోపల గడియ టక్కుమని పడింది.

వచ్చిన కారు ఎవరో కొబ్బరి వ్యాపారిది. ఆగకుండా వెళ్ళిపోయింది.

అందరూ తలుపు వైపు చూశారు. ఆ తరవాత ఆకాశం వైపు చూశారు. అక్కడున్న ముప్ఫై నలభై మందిలో లీలావతి ఒక్కతే ఆ తలుపు తీయలేనిది. కాని ప్రతివాళ్ళూ ఆ తలుపు తీయగలది తామొక్కరే అనుకుంటున్నారు. ఒకరి ముందు తీస్తే మాస్టారో దానమ్మగారో తమకి చెప్పిన గుట్టు బయటపడుతుంది. చెప్పనివాళ్ళు నొచ్చుకుంటారు. ప్రధానం పూట చుట్టాల్లో మనస్పర్థలు తెచ్చిపెట్టడం ఎవరికీ ఇష్టం లేకపోయింది.

"ఎవరికైనా నంబరు తెలుసా?" అంది అమ్మాజీగారు, ఎవరికీ తెలియదన్న ధైర్యంతో.

"మాకెలా తెలుస్తుందండి? అది వారింటి సొంత విషయం గదండీ" అన్నారు భాస్కరరావుగారు. అయ్యగారు గొంతు సవరించుకుని ఊరుకున్నారు. వెంకటరమణ కాలి బొటనవేలితో నేల మీద గీత గీశాడు.

అందరూ లీలావతి వైపు తిరిగారు. నాకు చెప్పలేదత్తయ్యా అని ఆమె నెమ్మదిగా అంది. అయ్యో పాపం అన్నట్టు అందరూ నిట్టూర్చారు. లీలావతికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ పాటికి కారు రేవు దగ్గర బయల్దేరి ఉంటుంది. మార్తమ్మగారు దిగేసరికి అందరూ వాకిట్లో ఉంటారు. రాజోలు కథ మళ్ళీ జరుగుతుంది, ఈసారి చాపలు లోపల ఎంత బాగా పరిచి ఉన్నా లాభం లేదు.

వెంకటరమణ పెరటి వైపు వెళ్ళి చూసొచ్చాడు. అడ్డగడియ తనే చేసిన గట్టి గడియ అని చెప్పాడు. పెంకులు తీసి దిగుతానన్నాడు గాని, కింద పులిహోర గంగాళం ఉందని ఆడవాళ్ళు పడనివ్వలేదు. అమ్మాజీగారు ఓ ఉపాయం ఆలోచించింది. మీరంతా వంతెన దాకా వెళ్ళి కారొస్తోందేమో చూడండి, నేనిక్కడ కాపలా ఉంటానంది. పెద్దవారు మీరు ఎండలో ఎందుకండీ, మీరు నీడలోకెళ్ళండి, నేనుంటానన్నారు భాస్కరరావుగారు. అబ్బే, మీరెళ్ళండయ్యగారూ, నేనుంటానండి అంది మాణిక్యం. ప్రతివాళ్ళూ మిగతావాళ్ళని పంపించేద్దామని చూశారు. ఎవరూ కదల్లేదు. ఎండ మాత్రం అరుగు మీదికి జరిగింది.

అప్పుడు అయ్యగారు ముందుకొచ్చారు. ఇలాంటి సమయంలో మనం చేయగలిగింది ఒక్కటేనని, అందరం ప్రార్థన చేద్దామని చెప్పి, తలుపుకి వీపు ఆనించి నిలబడ్డారు.

"నేను ఆమెన్ అనేదాకా ఎవరూ కళ్ళు తెరవకండి" అన్నారు. ఆ మాట ఇంకోసారి నొక్కి చెప్పారు.

అందరూ కళ్ళు మూసుకుని తలలు వంచారు. భాస్కరరావుగారు వేరే మతస్థులైనా పెద్దరికం గనక ఆయనా కళ్ళు మూసుకున్నారు. అయ్యగారు ప్రార్థన సృష్టి ఆరంభంనుంచి మొదలుపెట్టి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, వేళ్ళతో బొత్తాలు తడమసాగారు. వీపు వెనక ఉన్న అంకెలు వేళ్ళకి కనిపించవు. అందుకని ప్రార్థన కొంచెం సాగదీయవలసి వచ్చింది.

ఈలోగా అమ్మాజీగారికి, అందరి కళ్ళూ మూసుకున్న సమయం ఇంతకంటే దొరకదనిపించింది. చెప్పులు విడిచి, కళ్ళు సగం తెరిచి, గోడ పట్టుకుని తలుపు దగ్గరికి నడిచింది. సరిగ్గా అదే ఆలోచన భాస్కరరావుగారికీ వచ్చింది. మాణిక్యానికీ వచ్చింది. వెంకటరమణకీ వచ్చింది. అయ్యగారి నడుం పక్కనుంచి ఒక చెయ్యి, మోచేతి కిందనుంచి ఒక చెయ్యి, భుజం మీదుగా ఇంకో చెయ్యి తాళాన్ని చేరాయి. ఎవరి చెయ్యి ఎవరిదో తెలియని గజిబిజిలో పది బొత్తాలూ ఎన్నిసార్లు నొక్కబడ్డాయో లెక్కలేదు. అయ్యగారికి వేళ్ళ మీద ఎవరి వేళ్ళో తగిలేసరికి ఇశ్రాయేలు వారి ప్రయాణం మధ్యలో ప్రార్థన ఆగిపోయి, నోట్లోంచి ఆమెన్ అనే మాట పెద్దగా వచ్చేసింది.

తిరిగి ఆమెన్ అన్న గొంతు ఒక్కటే వినిపించింది. అది లీలావతిది. చెప్పిన మాట విని కళ్ళు మూసుకున్నది ఆమె ఒక్కతే.

కళ్ళు తెరిచి చూస్తే తాళం కనిపించలేదు. దాని మీద చేతులే కనిపించాయి. మిగతావాళ్ళు కూడా సగం దారిలో, ఒక కాలు అరుగు మీదా ఒక కాలు మెట్టు మీదా పెట్టి ఆగిపోయి ఉన్నారు.

"మాణిక్యం, నీకు కూడా తెలుసా?" అంది లీలావతి.

"నాకొక్కదానికే చెప్పేరండి అమ్మగారు" అంది మాణిక్యం, బిక్కమొహం వేసి.

నాకొక్కదానికే చెప్పేడు అంది అమ్మాజీగారు. నాకొక్కడికే అన్నారండీ అన్నారు భాస్కరరావుగారు. అయ్యగారు తనకి తడిసినందుకు చెప్పారని వివరించారు. అసలు మొట్టమొదట చెప్పింది తనకేనని వెంకటరమణ గుర్తుచేశాడు. ఇది ఎంత సేపైనా సాగేదే గాని, ముందు తలుపు తీయండని ఎవరో అన్నారు. ఇక దాచేదేముందని అమ్మాజీగారు నాలుగు అంకెలూ బాహాటంగా నొక్కి పిడి తిప్పింది. తెరుచుకోలేదు. భాస్కరరావుగారు నొక్కారు. తెరుచుకోలేదు. వెంకటరమణ నొక్కి, చెవి ఆనించి విని, తల అడ్డంగా ఆడించాడు. నంబరు తెలిసినవాళ్ళు ఇంతమంది ఉండి ఒక్క తలుపు తీయలేకపోవడం ఆ వీధిలో అదే మొదటిసారి.

అదే సమయానికి అంబాసిడరు వచ్చి ఆగింది.

ముందు మాస్టారు దిగారు. జనమంతా వాకిట్లో ఉండడం చూసి, ఎదురొచ్చారు కాబోలని పొంగిపోయారు. సంగతి తెలిశాక కూడా ఆయనకి ముందు గర్వమే కలిగింది. ఇంతమంది కలిసి తీయలేకపోయారంటే తాళం ఎంత గట్టిదో చూడమని వియ్యపురాలితో అన్నారు. అందరినీ అటు తిరగమని చెప్పి, నాలుగు బొత్తాలూ నొక్కి, పిడి తిప్పారు. తలుపు కదల్లేదు. మళ్ళీ నొక్కారు. మూడోసారి నొక్కేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

మార్తమ్మగారు కారు పక్కన ఎండలో నిలబడి ఉంది. చేతిసంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. ఒక్కసారి కారు వైపు చూసింది. దానమ్మగారు ఆవిడ పక్కకి చేరింది. ఒక్క నిమిషమండి వదినగారూ, ఒక్క నిమిషం అని మాటిమాటికీ అంటోంది. ఆ మాట ఎన్నోసారో ఆవిడకే తెలియదు.

పిలిచేదాకా పెళ్ళికూతురు పెళ్ళివారి ముందుకి రాకూడదు. లీలావతి స్తంభం వెనకనుంచి తల్లి మొహం చూసింది. కారు డ్రైవరు ఇంజను ఆపకుండా కూర్చోవడం చూసింది. ఇక మర్యాద చూసుకుంటే సంబంధం మిగలదనిపించి, పమిట బొడ్లో దోపుకుని మెట్లెక్కింది.

"నాన్నగారూ, జరగండి" అంది.

మాస్టారు జరిగారు. ఆమె పిడి పట్టుకుని ఎడమవైపు తిప్పింది. అంతవరకూ ఎవరూ అటు తిప్పలేదు. తలుపు తెరవడానికి కుడికి తిప్పాలని అందరికీ తెలుసు గనక, ఎడమకి తిప్పవలసిన పని ఎవరికీ కలగలేదు. లోపల ఏదో జారిన చప్పుడైంది. నొక్కినవన్నీ చెరిగిపోయాయి.

"ఇప్పుడు చెప్పండి. నంబరెంత?"

మాస్టారు అటూ ఇటూ చూశారు. చుట్టూ ఇంతమంది ఉన్నారు. అలవాటు కొద్దీ కూతురి చెవి దగ్గరికి వంగి, "నీకొక్కదానికే చెప్తానమ్మా, రెండో చెవికి..." అన్నారు.

ఆయన మాట పూర్తి కాలేదు. ఒకటీ తొమ్మిదీ ఐదూ ఏడూ అని అమ్మాజీగారు, ఐదూ ఏడూ ముందని భాస్కరరావుగారు, ఏడునుంచి మొదలుపెట్టి మాణిక్యం, వాకిలంతా ఒక్కసారిగా అరిచింది. వరసలు వేరు గాని అంకెలు అవే. అన్నిటికంటే స్పష్టంగా వినిపించిన గొంతు మాత్రం కారు పక్కనుంచి వచ్చింది. అది మార్తమ్మగారిది.

అందరూ అటు తిరిగారు. దానమ్మగారు భర్త వైపు చూసింది.

"పెళ్ళిచూపులనాడు చెప్పేరు గదా అన్నయ్యగారు. నాకొక్కదానికే అన్నారు" అంది మార్తమ్మగారు. జయపాల్ నేల చూపులు చూశాడు. అతనికి విడిగా, కాబోయే అల్లుడిగా చెప్పి ఉన్నారు.

లీలావతి ఒక్కొక్క బొత్తామే నొక్కి పిడి తిప్పింది. తలుపు తెరుచుకుంది. ఆమె పక్కకి జరిగి, తండ్రి వైపు తిరిగి అంది.

"ఈ ఇంట్లో పుట్టింది నేనొక్కదాన్నే నాన్నగారూ. నంబరు తెలియనిదీ నేనొక్కదాన్నే."

నోరు జారుతుందని తను ఎవరికి చెప్పలేదో ఆ పిల్ల తప్ప ఊరంతా తన ఇంటిముందు తన నంబరు అరిచిందని మాస్టారికి అప్పుడు అర్థమైంది. సిగ్గుపడ్డారు. కండువాతో మొహం తుడుచుకుని, తుడుచుకున్నచోటే ఇంకోసారి తుడుచుకున్నారు.

మార్తమ్మగారు చేతిసంచి కొడుక్కిచ్చి, మెట్లెక్కి, తిన్నగా గుమ్మం దగ్గరికి వచ్చింది. లీలావతి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ పక్కకి తిరిగి లోపలికి వెళ్ళారు. లోపల నిలబడి, ఆవిడ బయటి జనం వైపు తిరిగింది. వాకిట్లో వియ్యాలవారు, అయ్యగారు, అమ్మాజీగారు, ఇరుగుపొరుగు అందరూ దండలు పట్టుకుని ఎండలో నిలబడి ఉన్నారు.

"రండి అన్నయ్యగారూ. రండి వదినగారూ. ఎంతసేపని ఎండలో నిలబడతారు? లోపలికి రండి" అంది. "మొహమాటపడకండి. మీ ఇల్లే అనుకోండి."

ఆయ్, వస్తున్నామండి అన్నారు మాస్టారు, తన ఇంట్లోకి పక్కకి తిరిగి వెళ్తూ. ప్రధానం బాగానే జరిగింది. పులిహోర కొంచెం చల్లారింది గాని ఎవరూ ఎత్తిచూపలేదు. అమ్మాజీగారు సైతం ఎత్తిచూపలేదు. డ్రైవరు ఇంజను ఆపి భోజనానికి వచ్చాడు.

పెళ్ళివారు సాయంత్రం లాంచీకి వెళ్ళిపోయాక మాస్టారు చేసిన మొదటి పని నంబరు మార్చడం. తాళం ఊడదీసి బిగించడానికి వెంకటరమణ కావాలి గనక అతన్ని పిలిపించారు. ఈసారి నంబరు లీలావతినే చెప్పమన్నారు. ఆమె చెప్పింది. నీకొక్కదానికే, ఇక ఈ జన్మలో ఇంకెవరికీ చెప్పనని మాస్టారు కూతురి తల మీద చెయ్యి పెట్టి మాటిచ్చారు. దానమ్మగారూ ఇచ్చింది. వెంకటరమణా ఇచ్చాడు.

మర్నాడు మాస్టారు, దానమ్మగారు, లీలావతి వేకువ ప్రార్థనకి వెళ్ళి వచ్చేసరికి, పాలచెంబు ఎప్పటిలాగే వంటింటి గట్టు మీద ఉంది.